ఎడమ చక్రం దగ్గర మోత

బళ్ళు తెరవడానికి అయిదు రోజులుందనగా వీర్రాజు ఆటోలో మోత బయటపడింది.

దాన్ని మొదట పట్టుకున్నది అతని పెళ్ళాం నూకాలు. కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి కూరగాయలతో ఆటోలో వచ్చి, ఇంటి ముందు దిగి, మొగుడి ఎదురుగా నిలబడి అడిగింది.

"ఏటి మావా ఆ మోత? ఎడమ సక్రం కాడ గడగడమంతంది. నీకు ఇనబడ్నేదేటి?"

వీర్రాజు ఆటో వంక చూశాడు. ఆ ఇంజను దించింది తనే, ఎక్కించింది తనే. మండే ఎండల్లో నాలుగు రోజులు వాకిట్లో పరదా కట్టుకుని, బావమరిది సాయిశంకర్ని పక్కన పెట్టుకుని, పిస్టన్ రింగుల దగ్గర్నుంచి క్లచ్ ప్లేట్ల దాకా మార్చాడు. ప్రైవేటు రోలింగ్ మిల్లులో పాతికేళ్ళు ఫిట్టరు పని చేసి, ఒకనాడు పొమ్మంటే సంచీ భుజాన వేసుకుని వచ్చేసిన మనిషి. మిల్లు అతనికి మిగిల్చింది ఆ పనితనం ఒక్కటే. అదీ పోయిందంటే ఇంకేముంది?

"ఇనబడకేం," అన్నాడు. "కొత్త రింగులు కదా. నాలుగు రోజులు అలగే ఉంతాది."

"ఆ మోతతోటి బడిపిల్లల్నెక్కిత్తావేటి? అది తేలీదాకా ఎక్కించకు."

అక్కడే ఉంది చిక్కంతా. ఎనిమిది మంది పిల్లలు. వాళ్ళతోనే ఇల్లు గడుస్తోంది. బడి తెరిచిన రోజు ఆటో గుమ్మం ముందు లేకపోతే ఆ తల్లిదండ్రులు ఒక్క పూట ఆగరు. అయ్యో పాపం అంటారు, ఇంకో ఆటో మాట్లాడుకుంటారు. మూడేళ్ళు వాళ్ళ పిల్లల ముక్కులు తుడిచినవాడు సాయంత్రానికి ఎవరికీ గుర్తుండడు.

మర్నాడు చక్రం విప్పాడు. బ్రేకు షూలు చూశాడు, గ్రీజు పెట్టాడు, మళ్ళీ బిగించాడు. నూకాల్ని ఎక్కించుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. దిగి ఆమె వంక చూశాడు.

"ఇంకా వత్తంది," అంది.

ఆ మర్నాడు సైలెన్సర్ విప్పి బిగించాడు. ఇంజను కింది రబ్బర్లు మార్చాడు. ఈసారి సాయిశంకర్ ఎక్కాడు. దిగాక అక్క మొహం ఒకసారి చూసి, అప్పుడు నోరు విప్పాడు.

"వత్తంది బావా. నిన్నటికన్నా గట్టిగా వత్తంది."

"నాకు తెల్దేట్రా? పెద్ద మెకానిక్కువి, నువ్వు సెప్పాలా?" అని కసిరాడు వీర్రాజు.

తల ప్రాణం తోకకొచ్చింది. పక్కింటి ఫాయిజాని, ఆ ఎనిమిది మందిలో ఒకతెని, వెనక కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. అద్దంలో ఆ పిల్ల మొహం చూస్తూ అడిగాడు.

"మోతేటి అంకుల్? ఏం లేదు కదా," అంది ఫాయిజా.

ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి చెప్తే నూకాలు ఒక్క మాటతో తీసిపారేసింది. "సిన్నపిల్ల, దానికేటి తెలుసు?"

నిజమే. పిల్లలకేం తెలుసు?

తన టైమే బాగోలేదనుకున్నాడు. పోయిన నెల నూకాలుతో కలిసి వెళ్తుంటే ఇలాగే, తన దారిన తను పోతున్నవాణ్ని ఓ లారీవాడు అడ్డంగా ఆపి, కిందకి దిగి, ఆమె ముందే బండబూతులు తిట్టాడు. తను ఏం తప్పు చేశాడని? పెద్ద బండి చేతిలో ఉంటే వాళ్ళకి కళ్ళు నెత్తికెక్కుతాయి.

అయిదో రోజు నూకాలే బయల్దేరదీసింది. గోపాలపట్నంలో గులాం మొహమ్మద్ పాతకాలపు మెకానిక్. మోత విని రోగం చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

గులాం ఆటో నడిపి చూశాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని వీర్రాజు చేతికిచ్చాడు.

"ఇను భాయ్. ఏటంతావ్?"

వీర్రాజు పిడి చెవికి ఆనించుకున్నాడు. రెండో అరచెయ్యి ఇంజను మీద వేసి కళ్ళు మూసుకున్నాడు.

"బేరింగు," అన్నాడు.

గులాం అతన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నూకాల్ని చూశాడు. ఇంజను ఆపేశాడు.

"ఇలగ తేల్దు. నువ్వెళ్ళి ఆ గోడకాడ కూకో, అటు తిరిగి. నాను ఇంజనుకి రేసిత్తాను. మోత రాగానే సెయ్యెత్తు."

"అటెందుకు భాయ్? ఇక్కడే ఉంతాను."

"బండి కనబడితే కన్ను మోసం సేత్తాది. ఎల్లు."

వీర్రాజు గోడ వంక చూశాడు. రేపే బళ్ళు. వెళ్ళనంటే ఆటో ఇక్కడే ఉండిపోతుంది. వెళ్ళి, పాత టైర్ల పక్కన స్టూలు మీద, గోడకి ఎదురుగా కూర్చున్నాడు.

బండి కాస్త వేడెక్కాకే మోత మొదలవుతుందని నూకాలు దారిలో చెప్పింది. లోపల్లోపల అంకెలు లెక్కపెట్టాడు. పది. ఇరవై. ముప్పై. ఇంతకంటే ఆలస్యమైతే బాగోదు.

చెయ్యెత్తాడు.

"అదిగో! అదే మోత!" అని గట్టిగా అరిచి, చెయ్యి దించకుండానే వెనక్కి తిరిగాడు.

ఇంకా స్టార్టే చెయ్యని ఆటో పక్కన గులాం తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెవులు వినపడని సంగతి మొగుడి చేత ఒప్పించడానికి అతని ఆటోకి లేని మోతని అంటగట్టిన నూకాలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.