ముత్తెన్న పంతులు వయసు

“యాభై నాలుగు” అన్నాడు ముత్తెన్న పంతులు, ముక్కుపొడి ఒక పట్టు పీల్చి.

“పోయినేడు గూడ యాభై నాలుగే అన్నరు గద పంతులూ!” అన్నాడు కాశీరాం.

“అన్న. పోయినేడు షురువైంది. ఇప్పుడు నడుస్తుంది.”

“మరి అంతకుముందేడు?”

“అప్పుడు లెక్క తప్పి చెప్పిన.”

నిజాం రోజులవి. సర్కారీ నౌకరికి యాభై ఐదు నిండితే వజీఫా, అంటే పింఛను, తీసుకుని ఇంటికి పోవాల్సిందే. కాని బాన్సువాడ బడిలో పెద్ద పంతులు ముత్తెన్నకు యాభై ఐదు రావడమే లేదు. బడి రిజిస్టరులో ఆయన పుట్టిన తేదీ ఉన్న చోట చెదలు పట్టింది. చెదలకు ఆ ఒక్క తేదీయే ఎట్లా దొరికిందో కాశీరాంకు నేటికీ అంతు పట్టలేదు.

కాశీరాం ఆయన కింద పంతొమ్మిదేండ్లుగా చిన్న పంతులు. హాజరు పట్టీలు రాసేది కాశీరాం, జిల్లాకు జవాబులు పంపేది కాశీరాం, పిల్లలు రాకపోతే ఇల్లిల్లూ తిరిగేది కాశీరాం. ముత్తెన్న పది గంటలకు వచ్చి కుర్చీలో కునుకు తీస్తాడు, లేపితే కాగితం కింద దస్తకతు చేస్తాడు. ఆ కుర్చీ తనకొస్తే బడిని ఎట్లా నడపాలో కాశీరాం నలభై పేజీలు రాసి పెట్టెలో దాచుకున్నాడు. కాగితాలు పసుపుపచ్చబడిపోతున్నాయి గాని కుర్చీ ఖాళీ కావడం లేదు.

“ఊకె నా మీద గులిగితే ఏమొస్తది?” అంది భార్య గంగాబాయి. “ఆయన భూమ్మీద పడ్డనాడు చూసిన మనిషిని తీస్కరా. ఆయనది నస్రుల్లాబాదే గద. గా మంత్రసాని పెంటవ్వ ఇంక బతికే ఉన్నదట.”

శుక్రవారం బడికి సెలవు. కాశీరాం బండి కట్టించుకుని నస్రుల్లాబాదు పోయాడు. ఎనభై దాటిన పెంటవ్వ గుడిసె ముందు ఎండకు కూచుని ఉంది.

“ముత్తెన్ననా? నా చేతులల్లనే పడ్డడు బిడ్డా. పుట్టుడు పుట్టుడే పండుకున్నడు. నేను వీపు మీద రెండు చరిస్తే గాని ఏడ్వలేదు.”

సందేహం లేదు, ముత్తెన్న పంతులే! కాశీరాం అక్కడికక్కడే ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

మరుసటి వారం జిల్లా బడులన్నీ తనిఖీ చేసే మోతమీం సాహెబు బాన్సువాడ వచ్చాడు. కాశీరాం అర్జీ ఇచ్చాడు. బడి వరండాలో విచారణ మొదలైంది. సాహెబు ముందు రిజిస్టరు, ఒక పక్క ముత్తెన్న, ఇంకో పక్క కింద గోనెపట్ట మీద పెంటవ్వ.

“చెప్పవ్వా, ముత్తెన్న ఎప్పుడు పుట్టిండు?”

“గత్తర వచ్చిన ఏడు సాబ్.”

“ఏ గత్తర? గీ దిక్కు కలరా మూడుసార్లు వచ్చింది.”

“మూడుసార్లొచ్చిందా? నాకు ఒక్కటే యాదికున్నది. మా ఆయనను గదే తీస్కపోయింది.”

సాహెబు కలం పక్కన పెట్టాడు. “ఇట్ల కాదు కాశీరాం. నోటిమాటతోని ఏండ్లు తేలయి. ఫలానా మనిషి కంటె పెద్ద, ఫలానా మనిషి కంటె చిన్న అంటె రాసుకుంట. లేకపోతే అర్జీ ఖారిజ్, కొట్టేస్త.”

ముత్తెన్న హాయిగా కండ్లు మూసుకున్నాడు. కాశీరాం పెంటవ్వ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“అవ్వా, మంచిగ యాద్జేసుకో. గా దినం గా ఇంట్ల ఇంకెవ్వరన్న ఉన్నరా?”

పెంటవ్వ చాలాసేపు ఆలోచించింది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగింది.

“ఉన్నరు! పక్కింటి సాయవ్వ కొడుకును సంకనేస్కొని వచ్చింది. ఆమెను బాన్సువాడల ఇచ్చిండ్రు, పుట్టింటికొచ్చి ఉండె. గా పోరనికి అప్పటికి రెండేండ్లు. కిందికి దించుడే ఆలస్యం, నేను కాచిపెట్టిన వేన్నీళ్ల కుండను తన్నిండు. కాలు బొబ్బలెక్కింది. ముత్తెన్న కంటె వాడే ఎక్కువ మొత్తుకున్నడు.”

“గా సాయవ్వ ఎవరు? ఇప్పుడు ఎక్కడ దొరుకుతది?” అన్నాడు సాహెబు.

“మా అమ్మ సాబ్!” కాశీరాం ఎగిరి నిలబడ్డాడు. “సాయవ్వ మా అమ్మనే! ఆమెకు నేనొక్కణ్ణే కొడుకును. ముచ్చట నిజం సాబ్, మా అమ్మ గూడ చెప్తుండె. ఇగో, మచ్చ చూడుండ్రి!” ధోవతి మోకాలిదాకా ఎత్తి కాలు చూపించాడు.

సాహెబు కళ్లద్దాలు పెట్టుకుని మచ్చను శ్రద్ధగా చూశాడు. “అంటె ముత్తెన్న నీకంటె రెండేండ్లు చిన్న. పక్కానా?”

“పక్కా సాబ్! ఏడ ఒట్టు పెట్టమంటె ఆడ పెడ్త!”

“సాక్ష్యం దొరికింది” అని సాహెబు రిజిస్టరు తిప్పాడు. కాశీరాం పేజీని చెదలు ముట్టలేదు. “కాశీరాం, తండ్రి పేరు రాజారాం, వయసు నలభై తొమ్మిది.”

అప్పుడు తగిలింది కాశీరాంకు దెబ్బ. నౌకరిలో చేర్పించిన రోజు తండ్రి గుమాస్తాతో గుసగుసలాడి కొడుకు వయసు పదేండ్లు తగ్గించి రాయించాడు. ఇన్నేండ్లుగా అదే చెప్పుకుంటూ తన వయసు అంతేనని తనే నమ్మాడు. ఇప్పుడు ఆ లెక్క తప్పు, అసలుది యాభై తొమ్మిది అంటే ఈ పూటే తన నౌకరి పోతుంది.

సాహెబు కలం తీసి రిజిస్టరులో చెదలు తిన్న చోట కొత్త కాగితం అంటించి రాశాడు. “ముత్తెన్న వయసు నలభై ఏడు.”

“నలభై ఏడా!” ముత్తెన్నకు నిద్ర వదిలింది. పడుచువాడిలా లేచి నిలబడ్డాడు.

సాహెబు దాని మీద ఠప్పా ముద్ర కొట్టి, ఎత్తిన ధోవతి దించడం కూడా మరిచిపోయిన కాశీరాం భుజం తట్టాడు. “ఫికర్ చెయ్యకు పంతులూ. నువ్వు వజీఫా మీద ఇంటికి పోయిన రెండేండ్లకు గీ కుర్చీ ఖాళీ ఐతది.”