బయటికి వినబడని గొంతు

"ఇదీ కుదరదు తాయీ. పక్కన నిలబడితే అంతా వినబడతాండాది. బయటికి ఒక్క మాట పోకూడదు," అంటూ అప్పసామి ఇంకో హెడ్‌ఫోను బల్ల మీద పెట్టేశాడు.

ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి మదురై వచ్చాడు. అంగట్లో అమ్మే పిల్ల తేన్మొళి మొదట తమిళంలోనే మాట్లాడింది. ముసలాయన తనలో తాను తెలుగులో గొణుక్కోవడం విని, తనూ తెలుగులోకి దిగింది. ఇంటి మాట అంగట్లో వినబడేసరికి ఆయనకు సగం బడలిక తీరిపోయింది.

"దాని వెనక చిల్లులుండాయి కదయ్యా, అందుకే వినబడతాండాది. ఇదో, ఇది వెనక మూసిన రకం. లోపలిది బయటికి రాదు, బయటిది లోపలికి పోదు." ఆ పిల్ల కొంటెగా నవ్వింది. "ఏంటికయ్యా, ఇంట్లో తెలియకుండా ఏమన్నా వినాల్నా?"

"నాకు గాదు, మా ఇంటామెకి. కమ్మలు తీయమంటే తీయదు. చెవి ఒత్తుకుంటే పెరికి పారేస్తాది."

"అయితే దిండు లోతుగా ఉండేది కావాల. చెవి మొత్తం లోపల దిగాల."

తేన్మొళి ఇచ్చినదాన్ని అప్పసామి తన తలకే తగిలించుకుని, నొప్పి పుడుతుందేమో చూద్దామని చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. పుట్టలేదు. పాట పెట్టబోతే వద్దన్నాడు. తన ఫోను తీసి ఆ పిల్లకే ఇచ్చాడు.

"పాట ఏం చేసుకుంటాం? ఇది పెట్టుకుని విను. మాట తెలిస్తే చాలు. బయటికి వస్తాదేమో నేను చూస్తాను."

ఆ పిల్ల చెవుల్లో ఒక ఆడగొంతు పలికింది. 'నాయనా, తిన్నారా? అమ్మని వానలో నిలబడనీయబాకండి. ఇక్కడ రొంబ వాన, విడవకుండా కురస్తాండాది. మన రేగడి చేలో పడిందా?'

అప్పసామి పక్కన నిలబడి చెవి ఒగ్గాడు. ఏమీ వినబడలేదు.

"గొంతు ఎంత బాగుండాదయ్యా! మీ కూతురా? ఇంకొంచెం మైకు దగ్గర పెట్టుకుని పంపమని చెప్పండి."

"ఇంక పంపదు తాయీ. పోయిన చిత్తిరై నెలలో పోయింది."

అంతవరకు ఎవరి దగ్గరా అనని మాట, ముక్కూ మొహం తెలియని పిల్ల దగ్గర జారిపోయింది. ఆ తర్వాత ఆపుకోలేకపోయాడు.

అభిరామి సింగపూర్‌లో నర్సు. ఆమెకు తీరికయ్యే వేళకు ఇక్కడ నిద్రపోతుంటారని, ఫోను చేయకుండా రోజూ గొంతు రికార్డు చేసి పంపేది. ఆమెను రోడ్డు మీద బండి గుద్దేసిన రోజుకి, తల్లి చెన్నమ్మాళ్ మదురై ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకుని పడుకుని ఉంది. ఇంకే దెబ్బా ఆ గుండె తట్టుకోదన్నాడు డాక్టరు. బిడ్డను విమానంలో తెచ్చారు. తల్లి చూడకుండానే కార్యాలన్నీ ముగిశాయి. ఆమె ఇల్లు చేరాక గుండుతో వచ్చిన అప్పసామి, నీ ఆపరేషన్ కోసం పళనికి మొక్కుకున్నానని చెప్పాడు. మొక్కుకి జుట్టే కదా ఇస్తారు, మీసం ఏమైందని ఆమె అడిగితే, మంగలి చెయ్యి జారిందన్నాడు. సరే, మళ్ళీ వస్తుందిలెమ్మంది చెన్నమ్మాళ్.

ఆనాటి నుంచి సాయంత్రం కాగానే ఫోనులో ఉన్న పాత మాటలు వెతికి, వానకాలమైతే వాన మాట, ఎండలైతే ఎండ మాట పెడుతున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆమెకు మతిమరుపు వచ్చింది. విన్నదే విన్నా కొత్తగానే నవ్వుతుంది. కాకపోతే చెవుడు కూడా వచ్చి, ఫోను గట్టిగా పెట్టాలి. మొన్న మజ్జిగకు వచ్చిన పక్కింటి కాంతమ్మాళ్ ఆ గొంతు విని, చెంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది.

"ఏదో ఒక దినం ఎవరో ఒకరు ఆమె ముందర ఏడ్చేస్తారు తాయీ. బిడ్డ పోయింది. ఈమె కూడా పోతే నేను ఉండలేను."

తేన్మొళి కళ్ళు తుడుచుకుంటూ డబ్బా కట్టింది. "ఒకటి గుర్తు పెట్టుకోండయ్యా. ఇది పెట్టుకున్నోళ్ళకి వాళ్ళ గొంతు వాళ్ళకే సరిగా వినబడదు. తెలియకుండా అరిచేస్తారు."

"అరవనీలే. ఆమె మాట ఎవరు విన్నా ఏం పోతాది?"

పొద్దు వాలేసరికి ఇల్లు చేరాడు. కమ్మలకు తగలకుండా మెల్లగా తొడిగి, నొప్పా అని సైగ చేశాడు.

"లేదు, మెత్తగా ఉండాది!" చెన్నమ్మాళ్ అరిచింది.

వాన మాట పెట్టాడు. ఆమె నవ్వింది. ఆయన కడుపు నిండింది.

"ఇంక మీరు పోండి. నేను దానికి బదులు చెప్పాల. మీరుంటే నాకు సిగ్గు."

రోజూ ఇదే వరస. ఆమె బదులు మాటలు ఎవరూ తెరవని నంబరుకి పోతాయి. తీరికైనప్పుడు వింటుందిలే అంటాడు ఆయన. అవి వినే ధైర్యం ఆయనకు ఏనాడూ కలగలేదు.

బకెట్టు పట్టుకుని కొట్టంలోకి నడిచాడు. గేదెకు నీళ్ళు పెడుతుంటే ఆమె గొంతు అక్కడికీ వచ్చింది. ఆ పిల్ల అన్నది నిజమే.

"అభీ, మీ నాయన మదురై పొయ్యి నాకోసరం తెచ్చినాడే. రొంబ సుఖంగా ఉండాది."

అప్పసామి నవ్వుకున్నాడు.

"దినమూ నీ మాట వెతికి వెతికి పెడతాడు. నేను నవ్వితే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. దానికే నవ్వుతాండాను."

ఆయన చేతిలో బకెట్టు ఆగిపోయింది.

"నాయనకి మాత్రం చెప్పబాకు. తట్టుకోలేడు."

మళ్ళీ అదే పెద్ద గొంతు.

"మీసం లేకుండా ఆయన గడప తొక్కిన దినమే నువ్వు లేవని తెలిసిపోయింది, కన్నూ."