పక్క సీటు బరువు

"వంద ఏహెచ్ పెద్ద లిథియం బ్యాటరీయే బిగించు. రోజుకి నలభై కిలోమీటర్లు తిరుగుతాను," అన్నాడు పెద్దాయన, తన గోల్ఫ్ కార్టు మీద దర్జాగా చెయ్యి వేసి.

మెకానిక్ మీటరు చూశాడు. "రోజుకి ఎనిమిది కూడా దాటట్లేదు సార్. అరవై ఏహెచ్ బ్యాటరీ చాలు."

"మిగతాది నోటితో తిరుగుతారు బాబూ," అంది గుమ్మంలోంచి భార్య.

పెద్దాయన మొహం చిన్నబోయింది.

అది చూసి ఆమె మెత్తబడింది. "రోజూ ఇద్దరం ఆ గుట్ట మీదికి వెళ్లొస్తేనో?"

"అప్పుడు వంద కావాలమ్మా."

"అయితే వందదే బిగించు బాబూ."

"నువ్వు ఎక్కుతావా?" అన్నాడు పెద్దాయన.

"పదేళ్లలో ఒక్కసారైనా రమ్మన్నారా?"

పదేళ్లుగా పక్క సీట్లో కూర్చుంటున్న గోల్ఫ్ సంచీని తీసి వెనక పెట్టాడు పెద్దాయన.