ముప్పై ఒకటో నంబరు రికార్డు

రికార్డు తిరుగుతోంది. శ్రీపతి కళ్ళు మాత్రం మనోరమ కుడికాలి బొటనవేలి మీదే ఉన్నాయి. ఆ వేలు నేలకు తగిలినప్పుడల్లా ఆయన తల ఊపుతున్నాడు. పక్క కుర్చీలో రాజీవ్ చాయ గ్లాసు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

చిక్కడపల్లి సందులోని ఆ ముందుగదిలో ఈ తలూపుడు మొదలై ఏడాది కావస్తోంది. పోయిన చలికాలం జ్వరమొచ్చి తగ్గాక శ్రీపతికి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ఆ సంగతి డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. మనోరమకైతే అసలు తెలియకూడదు. పెళ్ళైన కొత్తలో ఆమె తన తండ్రి గురించి ఒక మాట అంది.

"చెవులు పోయినంక మా నాయినతోని ఇంట్ల మాట్లాడుడే బందైంది. ఎంతకని ఒర్రుతరు ఎవరైనా?"

ఆ మాట మనసులో నాటుకుపోయింది. మనోరమ తనతో మాట్లాడటం మానేస్తే ఇక బతికి లాభమేమిటని ఆయన భయం.

ముప్పై ఏళ్ళ కాపురం కాబట్టి ఆమె పెదవులు కదిలితే చాలు, మాట తెలిసిపోతుంది. పరాయివాళ్ళతోనే చిక్కు. అదృష్టం కొద్దీ మనోరమకు ఈమధ్య ఒక చాదస్తం పట్టుకుంది. ఎవరేమన్నా సరే, ఎదురుగా వచ్చి నిలబడి అదే మాట మళ్ళీ అంటుంది. వయసు మీద పడుతోంది పాపం, అని ఆయన జాలిపడ్డాడు.

నారాయణగూడ పోస్టాఫీసులో ఉద్యోగం చేసినంత కాలం ప్రతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి వెతికి కొన్న రికార్డులవి. వీణా లేదు, తబలా లేదు, అంతా మిషన్లతో చేసిన సంగీతం. "కరెంటు సంగీతం" అని మనోరమ ఎగతాళి చేసేది. చేస్తూనే రోజూ సాయంత్రం కూరగాయల పళ్ళెంతో వచ్చి కూర్చునేది. ఆ గంటే వాళ్ళిద్దరిదీ.

ఏ రికార్డులో ఏ వింత ఉందో శ్రీపతి ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాడు. పదిహేడో నంబరుకు లేబుళ్ళు తారుమారుగా అతికించారు. ఇరవై రెండోదాని అట్ట మీద ఆరు పాటలుంటే లోపల ఏడున్నాయి. ముప్పై ఒకటోదాని చివరి గీత తనలో తనే కలిసిపోయింది. ఎవరో ఒకరు ముల్లు ఎత్తేదాకా ఒకే దరువు ఆగకుండా మోగుతుంది. చెవులు పోయాక కంటికి కనిపించే వింతలే రాస్తున్నాడు.

దరువు కోసం మొదట్లో స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించేవాడు. ఎండాకాలంలో ఎలుకలు మూడు అట్టలు కొరికిన రోజుల్లోనే మనోరమ అడ్డుపడింది.

"ఆ పెట్టె ముట్టకుండ్రి. షాక్ కొడుతున్నది."

అప్పటి నుంచి ఆమె బొటనవేలే దిక్కు.

రాజీవ్ విద్యానగర్‌లో లెక్చరరు. అతనికీ ఈ పిచ్చే. ముప్పై ఒకటో నంబరు సంగతి ఎవరో చెబితే, వినాలని వెతుక్కుంటూ వచ్చాడు. శ్రీపతికి పొద్దుటి నుంచి ఒకటే భయం. ఏడాదిగా దాచింది ఈ ఒక్క సాయంత్రంతో బయటపడుతుందేమోనని.

ముల్లు పెట్టగానే రాజీవ్ పెట్టె వైపు చూశాడు. శ్రీపతి వైపు చూశాడు. ఏదో అడగబోయి నోరు తెరిచాడు. ఇంతలో మనోరమ గబగబా చాయ గ్లాసు అతని చేతిలో పెట్టి, శ్రీపతికి వీపు చేసి ఏదో అంది. రాజీవ్ అడగబోయిన మాట మింగేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇప్పుడు ముల్లు చివరి గీతలోకి చేరింది. మనోరమ బొటనవేలు ఒకే లెక్కన నేలను తడుతోంది, ఆగడం లేదు. శ్రీపతి గర్వంగా రికార్డు వైపు చూపించాడు.

"చూసినవా? గిదే. ఆపకపోతే తెల్లారేదాక ఇట్లనే మోగుతది."

రాజీవ్ తలూపి, మనోరమ వైపు తిరిగి ఏదో అన్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. మనోరమ లేచి, ముల్లు ఎత్తి, భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇసుంటిది ఎన్నడు వినలేదంటున్నడు."

శ్రీపతి గుండె కుదుటపడింది. గండం గడిచింది. మిషన్ల సంగీతానికి కంటతడి పెట్టే మనిషిని ఇన్నాళ్ళకు చూశానని మురిసిపోయాడు. రాజీవ్ వెళ్ళేముందు మనోరమ కాళ్ళకు వంగి దండం పెట్టాడు. ఈ కాలంలో ఇంత మర్యాద ఎవరికుందనుకున్నాడు శ్రీపతి.

అతన్ని సాగనంపడానికి ఆమె సందు చివరిదాకా వెళ్ళింది. నోట్‌బుక్కులో తేదీ వేద్దామని శ్రీపతి పెన్ను తీశాడు. మూత జారి దొర్లుకుంటూ స్పీకరు పెట్టె వెనక్కి పోయింది. షాక్ కొడుతుందేమోనని తువ్వాలు చేతికి చుట్టుకుని, మూలనున్న పెట్టెను మెల్లగా ముందుకు లాగాడు.

ఎలుక కొరికిన స్పీకరు వైరు తెగిన చోట సాలీడు గూడు కట్టుకుంది.