ఏ సర్టిఫికెట్ మంచిది?

లైబ్రరీలో చిన్నకోడలు నోట్‌బుక్ తెరిచి, పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీసింది.

ఎడమవైపు ఒక సర్టిఫికెట్, కుడివైపు ఇంకొకటి. రెండూ కంప్యూటర్లని నడిపే లినక్స్ అనే వ్యవస్థని కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమే.

ఎడమదానికి అరవై ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు ఇస్తారు, సరైనదానికి టిక్కు పెట్టాలి. ఆరు వారాలు కూర్చుని బట్టీ పడితే గట్టెక్కవచ్చు. కుడిదానికి అసలు ప్రశ్నలే లేవు. ఒక నల్లటి తెర ముందు కూర్చోబెట్టి, రెండు గంటల్లో ఫలానా పనులు చేసి చూపించమంటారు.

నీటి సరఫరా ఆఫీసులో సర్వర్ గది చూసుకునే ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోంది. రెండింట్లో ఏది ఉన్నా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పిల్ల పుట్టాక ఏడేళ్ళు ఇంటిపట్టునే ఉండిపోయిన చిన్నకోడలికి, వయసు నిబంధన ప్రకారం ఇదే ఆఖరి అవకాశం.

"రెండు నెలలు పిల్లని నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళి చదువుకో," అంది ఇంట్లో అత్తగారు.

తోడికోడలు మాత్రం మూతి మూడు వంకర్లు తిప్పింది.

చిన్నకోడలు ఈ గోడంతా లైబ్రేరియన్‌తో వెళ్ళబోసుకుంటుంటే, పక్క కంప్యూటర్ దగ్గర మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న పెద్దాయన చెవులు రిక్కించాడు. రోజూ సాయంత్రం ఐదు దాటాక వచ్చి కూర్చుంటాడాయన.

"ఇంతకీ ఏది తీసుకుంటున్నావమ్మా?"

"ఎడమదండీ. తొందరగా అయిపోతుంది."

"గుమ్మం దాటడానికి అది చాలు. లోపలికెళ్ళాక చచ్చిన కంప్యూటర్ ముందు పెట్టి, బతికించమంటే ఏం చేస్తావు?"

"అలా ఎవరు పెడతారండీ?"

"పెట్టేవాళ్ళు పెడతారు. సర్టిఫికెట్ ఏదైనా పర్లేదు. రోజూ కంప్యూటర్ని కాస్త పాడుచేసి, మళ్ళీ బాగుచేస్తూ ఉండు. నేను పక్కన కూర్చుని చూపిస్తా."

దొరికాడు ఉచిత సలహాల రాయుడు, అనుకుంది చిన్నకోడలు. అడక్కుండా నేర్పేవాళ్ళంటే మనకి ఎప్పుడూ అలుసే కదా.

వారం రోజులు ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆమె ఆఁ, ఊఁ అంటూ టిక్కులు పెట్టుకుంటూనే ఉంది.

ఎనిమిదో రోజు మంచినీళ్ళు తాగి వచ్చేసరికి తన కంప్యూటర్ తెర నిండా ఏవో అక్షరాలు పడి ఆగిపోయి ఉంది. సగం రాసిన మాదిరి పరీక్ష గల్లంతు.

"నేనే పాడుచేశా," అన్నాడు మఫ్లరాయన, మొహం చాటంత చేసుకుని. "ఇది మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైల్లో ఒక్క మాట మార్చా. అదేంటో వెతికి పట్టుకో. ఎంతసేపైనా నేనిక్కడే ఉంటా."

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీకు పనీపాటా లేకపోతే, నాకూ లేదనుకున్నారా?"

తిన్నగా లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళింది. "ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి. మీరే తేల్చండి," అంది.

లైబ్రేరియన్ ఆయన్ని పక్కకి పిలిచి, ఇక కంప్యూటర్ల వైపు రావద్దని చెప్పింది.

ఆయన ఆమె కంప్యూటర్ దగ్గరికి తిరిగొచ్చాడు. ముందు కూర్చుని, తను మార్చిన మాట సరిచేశాడు. తర్వాత సంచి తీసుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. నిన్ను అడిగి పాడుచెయ్యాల్సింది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పీడా విరగడైంది అనుకుని, పరీక్ష మళ్ళీ మొదటినుంచి రాసుకుంది.

అసలు పరీక్షలో అరవైకి యాభై ఎనిమిది వచ్చాయి. అత్తగారు సర్టిఫికెట్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చూపించింది. తోడికోడలు కూడా, "పర్లేదే," అంది.

ఇంటర్వ్యూలో ఉన్నది ఒక్క ఇంజినీరమ్మే. సర్టిఫికెట్ చూసి బాగుందంది. బల్ల మీదున్న కంప్యూటర్ చూపించింది.

"ఇది లేవట్లేదు. అరగంటలో లేపాలి."

టిక్కు పెట్టడానికి నాలుగు జవాబులు ఎక్కడా లేవు. బట్టీ పట్టిన కమాండ్లన్నీ నోటికొస్తున్నాయి, ఏది ఎక్కడ వాడాలో చేతికి రావడం లేదు. ఒక్క వారం ఆ పెద్దాయన మాట విని ఉంటే ఏం పోయేది, అని తనని తానే తిట్టుకుంది. అరగంటా అలాగే గడిచిపోయింది.

"బాధపడకండి," అంది ఇంజినీరమ్మ. "పొద్దుట్నుంచి వచ్చిన తొమ్మిది మందీ ఇంతే."

"మళ్ళీ ఎప్పుడు పిలుస్తారండీ?"

"ఇక పిలవం. ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నాం. పోస్టే ఉండదు."

చిన్నకోడలు సర్టిఫికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

"ఒక్కరి కోసమైనా ఇంకొన్నాళ్ళు ఆగలేరా మేడం?"

"ఆగాం. మా పాత సార్ బతిమాలితే రెండు నెలలు ఆగాం," అంది ఇంజినీరమ్మ, కాగితాలు సర్దుకుంటూ. "'నా కుర్చీకి మనిషి దొరికింది, తయారుచేసి పంపిస్తా' అన్నారు. ముప్ఫై ఏళ్ళు ఈ గదిని ఒంటిచేత్తో నడిపినాయన, ఆఫీసు కాగానే రోజూ లైబ్రరీకి వెళ్ళి ఎవరో పిల్లతల్లి పక్కన కూర్చునేవారు, ఆమే ఆయన్ని అక్కణ్ణుంచి పంపించేయించిందట."