రోజు విడిచి రోజు

దర్జీ కొట్టు మేస్త్రీ చొక్కాను బల్ల మీద పరిచి, వంకరపోయిన కుట్టు మీద వేలు పెట్టాడు.

“నిన్న ముత్యాలు పేర్చినట్టు కుట్టావు. ఇవాళేమో కోడి కెలికినట్టుంది. రోజు విడిచి రోజు ఇదే తంతు. నీ పనితనమంతా ఎదురు కొట్టుకి ధారపోసి వస్తున్నావు కదూ?”

“లేదండీ,” అంది కుట్టుపనావిడ తలెత్తకుండా.

“నా చెవిలో పువ్వులు పెట్టకు.”

ఆవిడ సూదిలో దారం ఎక్కించబోయింది. ఎంతకీ ఎక్కలేదు. పక్కనున్నావిడ అలవాటుగా సూది అందుకుని, ఎక్కించి ఇచ్చింది.

మేస్త్రీ చూపు కుట్టుపనావిడ ముఖం మీద ఆగింది. “నీ కళ్ళజోడేదీ?”

“ఇంట్లో ఇద్దరికీ ఒక్కటేనండీ. చూపు ఆనదంటే పనిలోంచి తీసేస్తారని చెప్పలేదు. ఇవాళ అక్క వంతు.”

“మీ అక్క ఏం చేస్తుంది?”

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. మేస్త్రీ కూడా చూశాడు. ఎదురు కొట్టు గుమ్మం దగ్గర ఒకావిడ వంచిన తల ఎత్తకుండా కుడుతోంది. ఆవిడ కళ్ళజోడు కాడకి నీలం దారం చుట్టి ఉంది. నిన్న ఆ దారాన్ని ఆయన ఈ బల్ల దగ్గరే చూశాడు.

“రేపు వాళ్ళ మేస్త్రీ అక్కని ఇదే అడుగుతాడండీ,” అందావిడ.