మ్యూట్ మర్యాద

"జయమ్మత్తా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కరోజూ మా వీధిలో అరవకు" అంది శారోన్, గేటుకి అడ్డంగా నిలబడి.

స్కూటీ వెనక చేపల గంప కట్టుకొచ్చిన జయమ్మ బ్రేకు వేసింది. "అరవకపోతే చేపలొచ్చేయని జనానికి ఎలా తెలుస్తుందమ్మా? కాట్రేనికోన నుంచి అమలాపురం దాకా వచ్చేది నోరు మూసుకుని తిరగడానికా?"

"పదింటికి మీటింగుంది. నన్ను ఇంటి దగ్గరే పని చేసుకోమంటారో, బెంగుళూరు వచ్చెయ్యమంటారో ఇవాళే తేలిపోతుంది."

జయమ్మ ముఖంలో నవ్వు పోయింది. వరండాలో వాకర్ పట్టుకుని నిలబడ్డ బెంజమిన్ గారి వైపు చూసింది. ఆయనకి తుంటి విరిగిన దగ్గర్నుంచి మంచం మీంచి లేపేదీ, మళ్ళీ పడుకోబెట్టేదీ ఈ కూతురే. తల్లి లేదు. ఇంకెవరూ లేరు.

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"ముందు వెనకవీధి చూసుకుని, పదకొండు దాటాక ఇటు రా."

"వెనకవీధి ఎప్పుడూ ఆఖర్నేనమ్మా. అక్కడ మేడమీద మామ్మగారికి మెత్తని చందువా చేప ఇవ్వాలి. పదకొండు లోపు గేటు దగ్గరికే రావద్దన్నారు."

"ఆవిడ నిద్రపోతారేమో. మెల్లిగా పిలు."

"మెల్లిగానా? నేనా?" అని జయమ్మ బుగ్గలు నొక్కుకుంది. "సర్లే, మీ నాన్నగారి మొహం చూసి ఒప్పుకుంటున్నాను" అంటూ బండి తిప్పింది.

శారోన్ బెంగంతా మేనేజరు హర్షతోనే. మీటింగుకి ఐదు నిమిషాలు ముందే రావాలి. కెమెరా వెయ్యాలి. మాట్లాడనప్పుడు మైకు మ్యూట్‌లో ఉండాలి. ఇవీ ఆయన ఆజ్ఞలు. కెమెరా మాత్రం ఆయన ఒక్కనాడూ వెయ్యలేదు. పై వాళ్ళని ఎవరడుగుతారు?

మధ్యలో కరెంటు పోయి ఓసారి శారోన్ మీటింగులోంచి ఎగిరిపోయింది. అదృష్టం బాగుండి అప్పుడే హర్షకీ నెట్ పోయింది. ఆయన తిరిగొచ్చేసరికి ఈమె బుద్ధిగా కూర్చునుంది. ఆ తర్వాత అదృష్టం మొహం చాటేసింది. ఆమె క్లయింటుతో మాట్లాడుతుండగా కిటికీ కిందే జయమ్మ "రొయ్యలో!" అని కేకేసింది. హర్ష కంగారుగా అందర్నీ, చివరికి తనని కూడా మ్యూట్ చేసేశాడు.

అది చాలదన్నట్టు కిందటివారం బెంజమిన్ గారు వాకర్ తోసుకుంటూ ఆమె వెనక్కి వచ్చేరు. తెరమీద అంతమంది కనబడితే పలకరించకుండా ఎలా పోతారు? "పొద్దున్నే వచ్చినట్టున్నారు. కాఫీలు తాగేరాండీ?" అని చెయ్యెత్తి నమస్కారం పెట్టేరు. అందరూ నవ్వేరు. హర్ష నవ్వలేదు. "ఇల్లు ఇల్లే, ఆఫీసు ఆఫీసే" అన్నాడు. ఆ సాయంత్రమే ఇవాళ్టి మీటింగు గురించి మెయిలొచ్చింది.

శారోన్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కిటికీలు బిగించి, కుక్కర్ దింపేసి కూర్చుంది. బెంజమిన్ గారు పక్కగదిలో మంచం మీద తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"దగ్గు కూడా దగ్గనులేమ్మా. నువ్వు కానీ."

సొంత ఇంట్లో నాన్న దగ్గడానికి భయపడుతున్నాడు.

పదింటికి హర్ష గొంతు వినబడింది. ఎప్పటిలాగే తెరమీద మనిషి లేడు, పేరు మాత్రం ఉంది. లెక్కలూ, గడువులూ అయ్యాక ఆయన ఆగాడు.

"శారోన్ గారూ, మీ పనికి వంక పెట్టలేను. కానీ మీటింగుకో మర్యాద ఉంటుంది. ఇంటి చప్పుళ్ళు ఇంట్లోనే ఉండాలి. పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు."

"సర్, మా నాన్నగారికి నేను తప్ప..."

"తెలుసు." ఆ మాట చాలా మెల్లిగా వచ్చింది. "ఎవరింట్లో కష్టాలు వాళ్ళకుంటాయండీ. అయినా తప్పదు. వచ్చే సోమవారం నుంచి మీరు బెంగుళూరు ఆఫీసుకి..."

శారోన్ కళ్ళు నిండిపోయాయి. కెమెరా ముందు తుడుచుకోకూడదని అలాగే కూర్చుంది. పక్కగదిలో తువ్వాలు చాటున దగ్గు నలిగిపోతోంది.

అప్పుడు వినిపించింది, చెవులు గింగురుమనేలా.

"చందువాలో! రొయ్యలో!"

హర్ష మాట తెగిపోయింది.

"శారోన్, మ్యూట్! మ్యూట్!" అన్నాడు టీములో ఉన్న ఆకాష్, అలవాటుగా.

శారోన్ గబుక్కున మైకు చూసుకుంది. ఎప్పుడు నొక్కిందో, మ్యూట్‌లోనే ఉంది. కిటికీ తెరిచి చూసింది. వీధిలో పిట్ట లేదు. తెరవైపు తిరిగేసరికి ఎవరి మైకులో చప్పుడొస్తోందో చూపించే పచ్చగీత హర్ష పేరు చుట్టూ వెలుగుతోంది, ఆ గీతలోంచి మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడూ, వెనకే జయమ్మ గొంతూ వచ్చేయి.

"హర్షబాబుగారూ, మామ్మగారికి చందువా తెచ్చేనండీ!"